ఇంటికి తాళం వేస్తే అప్పుకు తాళం పడదు



పోయిన నెల మన సంఘంలోని ఒక కుటుంబం రాత్రికి రాత్రి ఇంటికి తాళం వేసి ఊరు విడిచి వెళ్లిపోయింది. ఏ కుటుంబమో ఇక్కడ రాయం. తెలిసినవారికి తెలుసు, తెలియనివారికి తెలియనక్కరలేదు. తెల్లవారేసరికి కొట్టంలో గేదె లేదు, వసారాలో పిల్లల సైకిలు లేదు, ఫోన్లు స్విచ్చాఫ్. మూడు రోజుల తర్వాత ఆ ఇంటాయన కొత్త నంబరు నుంచి సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక సాక్ష్యం పెట్టాడు. ఇశ్రాయేలీయులను ఐగుప్తులోనుంచి దాటించినట్టు దేవుడు తమను అప్పులవాళ్ల చేతిలోనుంచి దాటించాడని, తలుపు ఆయనే తెరిచాడని రాశాడు. దాని కింద ముప్పై మంది దాకా ఆమెన్ అని పెట్టారు. మేము పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదని కొందరు అడిగారు. అయ్యగారికి కనికరం లేదని ఇంకొందరు అనుకున్నట్టు మా చెవిన పడింది. అందుకే రాస్తున్నాం. ఆ సహోదరుడితో ఫోనులో మాట్లాడి, పేరు లేకుండా రాస్తామని చెప్పి, ఆయన సరేనన్నాకే రాస్తున్నాం.

ముందుగా, ఆ కుటుంబం వెళ్లిపోయిన వారంలో ఊళ్లో ఏం జరిగిందో వినండి. ఆ ఇల్లాలు ఉన్న గ్రూపు లోనులో పది మంది ఆడవాళ్లు. ఆమె కట్టాల్సిన కిస్తీ 1,350 రూపాయలు. మీటింగులో ఆమె లేదు. మిగిలిన తొమ్మిది మంది తలా 150 వేసుకుని ఆమె కిస్తీ కట్టి లేచారు. 150 రూపాయలంటే మిర్చి కోతలో ఎండకు వంగి చాలాసేపు చేసిన కూలి. ఆ తొమ్మిది మందిలో ఐదుగురు మన మందిరంలో చాప మీద కూర్చునేవాళ్లే. ఆమెన్ పెట్టినవాళ్లలో వాళ్ల భర్తలు కూడా ఉన్నారు.

ఇప్పుడు చెప్పండి, దేవుడు ఎవరిని దాటించాడు? ఒక ఇంటి బరువు తొమ్మిది ఇళ్ల మీద పడితే అది ఎర్ర సముద్రం దాటడం ఎలా అవుతుంది? ఇశ్రాయేలీయులు ఫరోకు ఒక్క కాసు బాకీ లేరు. వాళ్లచేత ఇటుకలు చేయించుకున్న ఫరోయే వాళ్లకు కూలి బాకీ. ఆ కథను మన ప్రామిసరీ నోటుకు అతికించడం తప్పు. ఇది మేము కోపంతో అనడం లేదు. కానీ మెత్తగా చెప్పి ఊరుకునే విషయం కూడా కాదు.

పారిపోవాలనిపించడం పాపమని మేము అనడం లేదు. గువ్వకు ఉన్నట్టు రెక్కలుంటే ఎగిరిపోయి ఎక్కడో అరణ్యంలో తలదాచుకునేవాణ్ణని దావీదంతటివాడు 55వ కీర్తనలో మొరపెట్టుకున్నాడు. అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నప్పుడు, కూతురి పెళ్లి ముందు పంట పోయినప్పుడు, ఇంట్లో తాగుడు గొడవ తెల్లవార్లూ సాగినప్పుడు ఎవరికైనా రెక్కలు కావాలనిపిస్తుంది. మాకూ అనిపించింది. అనిపించడం వేరు. పారిపోయి, దానికి దేవుని పేరు పెట్టడం వేరు. మా పోరాటం ఆ రెండో దానితోనే.

ఇలా పేరు పెట్టడానికి మనవాళ్లు ఎక్కువగా ఎత్తిచూపే వచనం మొదటి కొరింథీయులకు 10వ అధ్యాయం 13. శోధనతో పాటు దేవుడు తప్పించుకునే దారి కూడా చూపిస్తాడన్నది అందులోని మాట. నిజమే, ఉంది. కానీ చాలామంది అక్కడే ఆపేస్తారు. బైబిలు తెరిచి మిగతాది కూడా చదవండి. ఆ దారి ఎందుకిస్తాడని పౌలు రాశాడు? మనం ఆ శోధనను సహించగలగడానికి. మోయడానికి బలమిచ్చే దారి అది. బరువు పక్కవాడి గుమ్మంలో దించేసి పోయే దారి కాదు. సగం వచనం పట్టుకుని బస్సెక్కకూడదు.

తలుపు తెరుచుకుంది కాబట్టి దేవుని చిత్తమే అనేది ఇంకో మాట. ఆ పౌలే ఫిలిప్పీ చెరసాలలో ఏం చేశాడో అపొస్తలుల కార్యములు 16లో ఉంది. అర్ధరాత్రి భూకంపం వచ్చింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి. సంకెళ్లు ఊడిపోయాయి. వెళ్లిపోవడానికి అంతకంటే పెద్ద సూచన ఎవరికైనా దొరుకుతుందా? మనమైతే ఆ సాక్ష్యం ఏడాదంతా చెప్పుకునేవాళ్లం. కానీ పౌలూ సీలా కదల్లేదు. ఎందుకంటే ఖైదీలు పారిపోతే కాపలా ఉన్న మనిషి ప్రాణానికి ప్రాణం చెల్లించాలి. ఖైదీలు పోయారనుకుని ఆ చెరసాల నాయకుడు అప్పటికే కత్తి దూశాడు. పౌలు చీకట్లోనుంచి గట్టిగా కేకవేసి ఆపాడు, తామంతా లోపలే ఉన్నామని చెప్పాడు. ఆ ఒక్క కేకవల్ల ఒక మనిషి బతికాడు. ఆ రాత్రే అతని ఇంటివారంతా బాప్తిస్మం పొందారు. తలుపు తెరుచుకున్నా, తాను వెళ్లిపోతే ఎవరు చస్తారో చూసినవాడు పౌలు. మనం తలుపు ఒక్కటే చూస్తున్నాం.

ఇక మా సంగతి. ఇన్నాళ్లూ మందిరంలో సగమే చెప్పాం. ఈ రోజు మొత్తం చెప్తాం. ఎందుకంటే మేము పైనుంచి నీతులు చెప్పే స్థితిలో లేము.

పన్నెండేళ్ల క్రితం మందిరానికి రేకులు తీసి స్లాబు వేశాం. కానుకలు చాలలేదు. ఊళ్లో ఒక రైతు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 1,20,000 తెచ్చాం. నోటు మీద మా సంతకం, హామీగా మన సంఘ పెద్ద ఒకాయన వేలిముద్ర. ఆ పెద్దాయన ఇప్పుడు ప్రభువు దగ్గర ఉన్నాడు. నూటికి మూడంటే నెలకు 3,600. ఆ సంవత్సరం పంటలు పోయాయి, కానుకల పెట్టెలో అంత ఎక్కడనుంచి వస్తుంది? రెండు నెలలు తప్పాం. మూడో నెల ఆ రైతు ఆదివారం ఆరాధన అయ్యే వేళకు వచ్చి మందిరం అరుగు మీద కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. కూర్చున్నాడంతే. ఆ సిగ్గు మేము భరించలేకపోయాం.

మరుసటి రోజు సంఘానికి ఉపవాస ప్రార్థనకు వెళ్తున్నామని చెప్పి అమ్మగారి పుట్టింటికి వెళ్లాం. తొమ్మిది రోజులున్నాం. ఫోను కట్టేశాం. ప్రార్థన చేశామా అంటే చేశాం. కానీ మూడు పూటలా తింటూ, ఎవరైనా తలుపు కొడితే ఉలిక్కిపడుతూ చేశాం. ప్రార్థన అనే మంచి మాటను దాక్కునే చోటుగా వాడుకున్నాం. ఈ రోజు మేము ఎవరిని గద్దిస్తున్నామో ఆ మొదటి మనుషులం మేమే.

తిరిగి వచ్చిన సాయంత్రం ఆ పెద్దాయన ఇంటి ముందునుంచే నడిచాం. కట్టుకొయ్య ఉంది, తాడు ఉంది, గేదె లేదు. మేము లేకపోయేసరికి రైతు హామీ పడ్డవాడి దగ్గరికి వెళ్లాడు. పెద్దాయన పాలిచ్చే గేదెను అమ్మి మూడు నెలల వడ్డీ కట్టాడు. ఇంట్లో ఆయన మనవరాలికి అప్పుడు రెండేళ్లు. మమ్మల్ని చూసి లేచి నిలబడి ఆయన అడిగిన మాట ఒక్కటే: "ప్రార్థన బాగా జరిగిందా అయ్యగారూ?"

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. మేము ఉపవాసంలోనే ఉన్నామని ఆయన నమ్మాడు. ఆ రాత్రి మా ఇద్దరికీ ముద్ద దిగలేదు. అంతకుముందు తొమ్మిది రోజులూ చేయని ఉపవాసం ఆ రోజు చేశాం.

అప్పుడు అర్థమైంది. సమస్య నుంచి పారిపోతే సమస్య పోదు, మనిషి మారుతుంది. మన మెడమీద ఉన్న కాడి ఇంకొకరి మెడమీదకు వెళ్తుంది. అది కూడా మనల్ని ఎక్కువగా నమ్మినవాళ్ల మెడమీదకే వెళ్తుంది. యోనా కథ చిన్నప్పటినుంచి చదువుతున్నాం, కానీ చేప దగ్గరే ఆగిపోతాం. చేపకంటే ముందు ఓడ ఉంది. నీనెవెకు పొమ్మంటే తర్షీషుకు పోవడానికి యొప్పేలో డబ్బు కట్టి మరీ ఎక్కాడు. తుపాను లేచినప్పుడు ఓడను తేలిక చేయడానికి నావికులు సరుకులు సముద్రంలో పారవేశారు. అవి యోనా సరుకులు కావు. ఏ తప్పూ తెలియని పరదేశులకు నష్టం. ఆ సమయంలో దేవుని ప్రవక్త ఓడ అడుగున గాఢ నిద్రలో ఉన్నాడు. పెద్దాయన కట్టుకొయ్య చూసినప్పటినుంచి ఆ అధ్యాయం చదివితే మాకు ఓడలోనుంచి పడుతున్న మూటలే కనిపిస్తాయి.

ఊరు వదిలి వెళ్లడమంతా తప్పేనా అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. కాదు. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు పక్కకు తప్పుకున్నాడు, ఆ రాత్రే ఇల్లు విడిచాడు. హేరోదు చంపబోతే యోసేపు బిడ్డనూ తల్లినీ తీసుకుని ఐగుప్తుకు వెళ్లాడు. దమస్కులో పౌలును గంపలో ఉంచి గోడమీదుగా దించారు. పోతీఫరు భార్య చేతిలో వస్త్రం వదిలి యోసేపు పరుగెత్తాడు, అది పరిశుద్ధమైన పరుగు. కాబట్టి తాగి కొట్టే భర్త చేతిలోనుంచి పిల్లలను తీసుకుని బయటపడిన అమ్మాయితో, ఓర్చుకో, సిలువ మోయి అని ఎవరూ అనకండి. ఆమె పారిపోవడం లేదు, ప్రాణం కాపాడుకుంటోంది. ఆమెకు మన మందిరం తలుపు ఏ రాత్రైనా తెరిచే ఉంటుంది. 181కి ఫోను చేయడానికి అమ్మగారే పక్కన కూర్చుంటారు. అలాగే పని కోసం హైదరాబాదు, బెంగళూరు, చెన్నై వెళ్లినవాళ్లు పారిపోయినవాళ్లు కారు. నెలనెలా డబ్బు పంపి అప్పు తీరుస్తున్న మన బిడ్డలను చూసి మేము దేవుణ్ణి స్తుతిస్తున్నాం.

తేడా ఎక్కడుందంటే, ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను వెళ్లిపోతే నా బరువు ఎవరి మీద పడుతుంది? ఈటె నుంచి తప్పుకుంటే ఎవరి మీదా పడదు, ఈటె గోడకు గుచ్చుకుంటుంది. నోటు నుంచి తప్పుకుంటే హామీదారుడికి గుచ్చుకుంటుంది. కూలికి వెళ్లేవాడు వెళ్లేచోటు చెప్పి వెళ్తాడు. పారిపోయేవాడు కుక్క మొరగకుండా వెళ్తాడు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, ఇది కొందరికి చేదుగా ఉంటుంది. నోటు రాసి మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లదని, అప్పటిదాకా కనబడకుండా ఉంటే చాలని లెక్క వేసుకుంటున్న విశ్వాసులున్నారు. ఉన్నది అన్నదమ్ముల పేరున రాసి, లేదని చేతులెత్తేవాళ్లున్నారు. లేక ఇవ్వలేనివాడి గురించి మేము మాట్లాడటం లేదు. ఉండి తప్పించుకునేవాడి గురించే మాట్లాడుతున్నాం. అప్పు తీసుకుని తిరిగి ఇవ్వనివాణ్ణి 37వ కీర్తన ఏ వరుసలో నిలబెట్టిందో చూసుకోండి. గడువు చట్టానికి ఉంటుంది, మనస్సాక్షికి ఉండదు.

ఇప్పుడు మా తోటి సేవకుల వైపు తిరుగుతున్నాం. జనం ఇలా ఆలోచించడానికి మొదటి కారణం మన బోధే. అప్పులు రద్దయ్యే ఆరాధన అంటారు. నూనె సీసా అంటారు. విత్తనం వేస్తే నూరంతలు అంటారు. కిస్తీ కోసం కొంగున కట్టుకున్న డబ్బు ఆ రాత్రి కానుకల సంచిలో పడుతుంది. తెల్లవారి కిస్తీకి డబ్బు ఉండదు. వచ్చే వారం ఆ ఇంటికి తాళం పడుతుంది. బోధకుడు అప్పటికి ఇంకో ఊళ్లో పందిరి వేస్తుంటాడు. గొర్రెలను విడిచి పారిపోయే జీతగాడి గురించి యోహాను 10లో ప్రభువు చెప్పింది ఎవరి గురించని అనుకుంటున్నారు?

నూనె కావాలంటే రెండవ రాజులు 4వ అధ్యాయంలో ఉంది, దాన్ని నిజాయితీగా బోధించండి. ప్రవక్తల శిష్యుల్లో ఒకడు అప్పు చేసి చనిపోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఆ విధవరాలు పిల్లలతో రాత్రికి రాత్రి పోలేదు. ఎలీషా దగ్గరికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఏమడిగాడు? ఇంట్లో ఏముందని అడిగాడు. లేనిదాని గురించి కాదు, ఉన్నదాని గురించి. కాస్త నూనె ఉంది. ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి ఖాళీ పాత్రలు అడిగి తెమ్మన్నాడు. అంటే ఆమె కష్టం ఊరికి తెలియాలి, ఊరు చేయి కలపాలి. పాత్రలన్నీ నిండాక ఆయన చెప్పిన మాట చూడండి: అమ్మి, అప్పు తీర్చి, మిగిలినదానితో బతకమన్నాడు. అద్భుతం జరిగింది. కానీ అప్పు రద్దు కాలేదు, అప్పు తీరింది. నూనె ఎలీషా ఇంటికి పోలేదు. ఈ అధ్యాయాన్ని చదివి వినిపిస్తూ కానుకల సంచి తిప్పేవాళ్లు ప్రభువుకు లెక్క చెప్పాలి.

ఇక మన వైపు, అంటే సంఘం వైపు. ఆ సహోదరుడు ఫోనులో అన్న మాటతో మాకు నిద్ర పట్టలేదు. "అయ్యగారూ, అప్పులవాడికి భయపడి రాలేదు. ఆదివారం మనవాళ్ల చూపులకు భయపడి వచ్చాను" అన్నాడు. అతని భార్యకు కొత్త చీర ఎక్కడిదని ఒకరు అడిగారట. పాటలో ముందు వరుసలో నిలబడితే, ముందు బాకీ సంగతి చూసుకోమని వెనకనుంచి ఒకరు అన్నారట. ఇవి మన నోళ్లు. మనుషులు పారిపోకూడదని బోధించే హక్కు మనకు ఉండాలంటే, నిలబడగలిగే చోటు మనం ఇవ్వాలి. సౌలుకు తప్పుకుని దావీదు అదుల్లాము గుహలో ఉన్నప్పుడు అతని దగ్గరికి ఎవరు వచ్చారో మొదటి సమూయేలు 22లో రాసి ఉంది. ఇబ్బందిలో ఉన్నవాళ్లు, అప్పులపాలైనవాళ్లు, మనసు చెదిరినవాళ్లు, సుమారు నాలుగు వందల మంది. గుహలోకి అప్పులవాళ్లు ధైర్యంగా రాగలిగారు. మన స్లాబు మందిరంలోకి రాలేకపోతున్నారు. సిగ్గు ఎవరికి ఉండాలి?

ఫిలేమోనుకు రాసిన పత్రిక కూడా చూడండి. ఇల్లు విడిచిపోయిన ఒనేసిమును పౌలు తిరిగి పంపాడు. కానీ ఒట్టి చేతులతో, పో, నీ తిప్పలు నీవు పడు అని పంపలేదు. చేతికి ఉత్తరం ఇచ్చాడు. దాసుడిగా కాదు, ప్రియ సహోదరుడిగా చేర్చుకోమని అడిగాడు. ఇతను ఏమైనా బాకీ ఉంటే తన లెక్కలో వేయమని తన చేతితో రాశాడు. వెనక్కి వెళ్లు అని చెప్పేవాడు ఆ ఉత్తరం రాయగలగాలి. రాయలేనివాళ్లు ఆమెన్ పెట్టడం మానాలి, నింద వేయడమూ మానాలి.

మా స్లాబు అప్పు అలాగే తీరింది. మరుసటి ఆదివారం వాక్యం చెప్పకుండా లెక్క చెప్పాం. తొమ్మిది రోజులు ఎక్కడున్నామో మాత్రం చెప్పలేదు, ఆ సగం ఈ రోజు చెప్పాం. సాయంత్రం పెద్దలిద్దరిని వెంటబెట్టుకుని ఆ రైతు ఇంటికి వెళ్లి కూర్చున్నాం. ఆయన మన విశ్వాసం కలవాడు కాదు. మంచినీళ్లు ఇచ్చాడు. వచ్చారు కాబట్టి మాట్లాడుకుందాం అన్నాడు. వడ్డీ అంతా కలిపి 24,000కు ఒప్పుకుని, నెలకు 8,000 చొప్పున పద్దెనిమిది నెలలు గడువిచ్చాడు. సంఘం బియ్యం పిడికిలి తీసింది, కొందరు ఒక రోజు కూలి ఇచ్చారు, మేము బండి అమ్మాం. ముందు పెద్దాయన గేదె డబ్బు తీర్చాం. సముద్రం చీలలేదు. పద్దెనిమిది నెలలు నడిచాం, అంతే.

కాబట్టి ఇప్పుడు అప్పుల్లో ఉండి ఈ మాటలు చదువుతున్నవాళ్లకు నాలుగు మాటలు. మొదట, అన్ని అప్పులూ ఒక కాగితం మీద రాయండి, భార్యాభర్తలిద్దరూ కలిసి రాయండి. దాచిన లోన్ యాప్ కూడా రాయండి. లక్ష రూపాయలకు నూటికి మూడంటే ఏడాదికి 36,000. రెండేళ్లు దాక్కుంటే లక్షా 72 వేలు. ఫోను స్విచ్చాఫ్ అవుతుంది కానీ వడ్డీ అవదు. రెండు, అప్పిచ్చినవాడి దగ్గరికి మీరే ముందు వెళ్లండి, ఒక్కరే వెళ్లకండి, మమ్మల్ని పిలవండి. మూడు, చట్టం ఇచ్చిన రక్షణ తెలుసుకోండి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మైక్రోఫైనాన్స్ అప్పు వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోను చేసి వేధించకూడదు. బూతులు తిట్టకూడదు, బంధువులను వేధించకూడదు, పేరు బయటపెట్టి పరువు తీయకూడదు. నెలలో కట్టే వాయిదాలన్నీ కలిపి ఇంటి ఆదాయంలో సగం మించేలా అప్పే ఇవ్వకూడదు. బెదిరింపుకు ఎదురు నిలబడటం అప్పు ఎగ్గొట్టడం కాదు. నాలుగు, న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 1987 చట్టంలోనే ఉంది. ఫోను నంబరు 15100. లోక్ అదాలత్‌లో కూర్చుని రాజీ చేసుకోవచ్చు.

ఇంతవరకు చెప్పింది ఊరు వదలాలనుకునేవాళ్లకు. లోకమే వదిలేద్దామనుకునేవాళ్లు కూడా ఈ మాటలు చదువుతుంటారని మాకు తెలుసు. మీతో మెల్లగా మాట్లాడతాం. ఏలీయా యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని ఇక చాలు, ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. దేవుడు గద్దించలేదు, విశ్వాసం లేదా అని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి వేడి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ తినిపించాడు. ప్రశ్న ఆ తర్వాత, హోరేబులో అడిగాడు. ఒంటరిగా మిగిలానన్నవాడికి ఏడు వేల మంది ఉన్నారని చూపించాడు, ఎలీషాను తోడిచ్చాడు. మీకు కూడా ముందు నిద్ర, తిండి, తోడు కావాలి. ఈ రాత్రే మమ్మల్ని లేపండి. 14416కి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు. సంఘంలో ఎవరికైనా పక్కింటివాళ్ల మీద అనుమానం వస్తే, అడగండి, పక్కన కూర్చోండి. ఆ ఇంట్లో పురుగుల మందు డబ్బా ఉంటే తెచ్చి మీ ఇంట్లో తాళం వేసి పెట్టండి. మీ ప్రాణం మీ అప్పుకంటే పెద్దది. మీ పిల్లలు అప్పుతో బతకగలరు, మీరు లేకుండా బతకడమే కష్టం.

చివరగా గెత్సేమనే తోటకు వెళ్దాం. ఆ రాత్రి ప్రభువు కెద్రోను వాగు దాటి ఆ తోటలోకి వెళ్లాడు. ఆయన శిష్యులతో తరచుగా వెళ్లే చోటు కాబట్టి యూదాకు ఆ చోటు తెలుసని యోహాను 18లో రాశాడు. ఇది చాలాకాలం మా కంట పడలేదు. ఒలీవల కొండ ఎక్కి అటు దిగితే బేతనియ, అక్కడ లాజరు ఇల్లు ఉంది. అది దాటితే యూదయ అరణ్యం. చీకట్లో ఒక మనిషి మాయమైపోవడానికి అంతకంటే తేలికైన దారి లేదు. అంతకుముందు రాళ్లతో కొట్టబోయినప్పుడు ఆయన తప్పుకున్నాడు కూడా. కానీ ఆ రాత్రి తనను అప్పగించేవాడికి తెలిసిన చోటుకే వెళ్లి కూర్చున్నాడు. ఆ గిన్నె తొలగించమని చెమటోడ్చి అడిగాడు. అడగడం తప్పు కాదు. దివిటీలు కనిపించినప్పుడు మాత్రం వెనక్కి జరగలేదు, ముందుకు వచ్చి ఎవరు కావాలని అడిగాడు. శిష్యులందరూ పారిపోయారు. ఆయన ఒక్కడే నిలబడ్డాడు. వాళ్ల బరువు, మన బరువు ఆయన భుజం మీద పడింది.

పారిపోయిన ఆ పదకొండు మందినే ఆయన మళ్లీ వెతుక్కుంటూ వచ్చాడు. తలుపులు మూసుకుని ఉన్న గదిలోకి వచ్చి సమాధానం చెప్పాడు. అందుకే మాకు ఆశ ఉంది. మేమూ పారిపోయినవాళ్లమే, మమ్మల్నీ వెతికాడు.

ఊరు విడిచిన మా సహోదరుడా, మా చెల్లీ, మీ ఇంటికి వేసిన తాళం అలాగే ఉంది, మీ వాకిట్లో చెత్త పేరుకోకుండా ఆ తొమ్మిది మందిలో ఒకామె వారానికోసారి ఊడుస్తోంది. ఆమె మీ మీద కోపంగా కూడా ఉంది, అది దాచం. మీ కిస్తీ విషయం మాట్లాడటానికి ఆ తొమ్మిది మందితో, పెద్దలతో వచ్చే సోమవారం సాయంత్రం మందిరంలో కూర్చుంటున్నాం. మీ లెక్కలో ఎంత మా లెక్కలో వేసుకోగలమో అక్కడే రాస్తాం. బస్సు స్టాండుకు మేమే వస్తాం. ఎవరూ మాట అనకుండా చూసే పూచీ మాది. రండి, నడిచి తీరుద్దాం.

ఆమెన్ పెట్టిన మిగతావాళ్లారా, సోమవారం మీరు కూడా రండి. ఆమెన్ బదులు 150 రూపాయలు తీసుకురండి.

తోటలో నిలబడిన ప్రభువు కృప మనందరికీ తోడైయుండును గాక. ఆమెన్.